ఇరవై వేల మందిలో ఒక్క పేరు

1520లో కృష్ణదేవరాయలు రాయచూరు మీదికి దండు కదిపినప్పుడు వెంట ఇరవై వేల మంది వెలయాళ్ళు బయల్దేరారని నూనిజ్ రాశాడు. ఈ నూనిజ్ పోర్చుగీసువాడు, గుర్రాల వ్యాపారి. యుద్ధం అయిపోయిన పదిహేనేళ్ళకు విజయనగరంలో కూచుని రాసుకున్నాడు. ఏనుగులు 551 అన్నాడు, నీళ్ళ తిత్తులు మోసేవాళ్ళు 12,000 అన్నాడు. ఆ వరుసలోనే ఈ ఆడవాళ్ళనూ లెక్కేశాడు. పేరు మాత్రం ఒక్కటీ రాయలేదు.

యుద్ధకాలంలో సిపాయిల ముందు ఆడి పాడి వాళ్ళకు ధైర్యం పోసిన ఆడవాళ్ళ గురించి కొన్నాళ్ళుగా దొరికిందల్లా చదువుతున్నాను. నూనిజ్ రాసిన ఈ వాక్యం దాటి ముందుకు పోలేకపోయాను. రాయల దండుకు మనుషుల్ని పంపిన సీమ మాది. సెలవు పెట్టి, 1971 యుద్ధం చూసొచ్చిన మా చిన్నాయనను తోడు తీసుకుని, కర్నూలు నుంచి కడప దాకా ఆర్టీసీ బస్సుల్లో ఒక తిరుగుడు తిరిగొచ్చాను.

బుధవారం, కర్నూలు నుంచి గుత్తి

కర్నూలు బస్టాండు పక్కన ఉగ్గాని బజ్జీ తినేసి డోను మీదుగా గుత్తి బస్సెక్కాం. బస్సులోనే అడిగాను. "చిన్నాయనా, మీకు ఎవురన్నా వచ్చి పాడినారా అప్పుడు?"

"వచ్చినారు. చెప్తాలే. ముందు కిటికీ మూయి, దుమ్ము."

అంతే. ఆయన నోటి నుంచి రెండో మాట రావడానికి గండికోట దాకా ఆగాల్సి వచ్చింది.

గుత్తి కోట ఎక్కడం తేలిక కాదు. డెబ్బై దాటిన మనిషి, హవల్దారుగా రిటైరైనవాడు, చేతులు వెనక్కి కట్టుకుని నాకంటే ముందే ఎక్కేశాడు. పైన కొండ అంచున మురారిరావు గద్దె అని ఒక చిన్న మంటపం ఉంది. మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే అక్కడ కూచుని చదరంగం ఆడేవాడని చెబుతారు. ఖైదీల్ని అక్కణ్ణుంచే కిందికి తోయించేవాడనీ అంటారు. సైన్యాధిపతుల వినోదం గురించి మన కోటలన్నిటికీ ఇట్లాంటి కథ ఒకటి ఉంటుంది. సిపాయిల వినోదం గురించి మాత్రం ఏ కోటా చెప్పదు.

1800లో ఈ సీమనంతా ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చిన నిజాం అలీఖాన్ కొలువులో ఒకామె ఉండేది, మహ లఖా బాయి చందా. 1768లో పుట్టింది. పాట, నాట్యం, గజల్ ఆమె వృత్తి. నిజాం వెంట మూడు యుద్ధాలకు పోయింది. మగవేషం వేసుకుని గుర్రమెక్కేది, విల్లు పట్టేది, ఈటె విసిరేది. నిజాం ఆమెకు ఉమ్రావుల (కొలువు ప్రభువుల) హోదా, జాగీర్లు ఇచ్చాడు. ఆ జాగీర్లలో ఒకటైన అడిక్‌మెట్ నేలలోనే ఇప్పుడు ఉస్మానియా యూనివర్సిటీ ఉంది. 125 గజళ్ళతో దివాన్, అంటే కవితల సంపుటి, కూర్చింది. మౌలాలి గుట్ట కింద తల్లి కోసం కట్టించిన తోటలోనే 1824లో తనూ సమాధి అయింది.

చిన్నాయన అంతా విని, "ఆమె పాడిండేది నవాబు గుడారంలో. సిపాయి గుడారంలో ఎవరు పాడినారో అది చెప్పు" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. దిగేటప్పుడు కింద ఇంగ్లీషువాళ్ళ గోరీలు చూశాం. దత్తమండలాలకు మొదటి ప్రధాన కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు అయిన మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చచ్చిపోతే ముందు ఇక్కడే పూడ్చి, తర్వాత మద్రాసుకు తీసుకుపోయారు. ఆయన పేరు మీద ఈ సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు కూడా. గుర్తు పెట్టుకోవాలనుకుంటే మనవాళ్ళు ఎంత బాగా గుర్తు పెట్టుకుంటారో!

గురువారం, తాడిపత్రి

గుత్తి నుంచి తాడిపత్రి దగ్గరే. పొద్దున బుగ్గ రామలింగేశ్వరుడు, సాయంత్రం చింతల వెంకటరమణుడు. బుగ్గ గుడి పెన్న ఒడ్డున ఉంది. లింగం కింద నీటి ఊట ఎప్పుడూ ఉబుకుతూనే ఉంటుంది కాబట్టి ఆ పేరు. పూర్తికాని రెండు గోపురాల మీద చెక్కడం చూస్తుంటే పని మధ్యలో శిల్పులు ఇప్పుడే సద్దికి లేచిపోయినట్టుంది. రెండు గుళ్ళూ పెమ్మసాని వంశంవాళ్ళవే. బుగ్గ గుడి రామలింగ నాయుడు కట్టించాడంటారు, చింతల గుడి ఆయన కొడుకు తిమ్మనాయుడు.

నేను తాడిపత్రిని ఎంచుకున్నది ఈ పెమ్మసాని రామలింగడి కోసమే. తురకల దండు మీద ముందుకు దూకిన వీరుడిగా, కృష్ణదేవరాయల కథ చెప్పే రాయవాచకం ఆయన్ను ఆకాశానికెత్తింది. గండికోట, తాడిపత్రి పల్లెల్లోంచి ఎంతమంది ఆయన వెంట నడిచి ఉంటారో ఊహించుకోండి. వాళ్ళ దండు ఎట్లా ఉండేదో నూనిజ్ చెబుతాడు. అది దండులా కాక కదిలే పట్నంలా ఉందట. వీధులు, ఒక్కో నాయకుడి దళానికి ఒక అంగడి, అంగట్లో మాంసం, ధాన్యం, రత్నాలు అమ్మేవాళ్ళు కూడా. ఆ పట్నంలోనే ఇరవై వేల మంది ఆడవాళ్ళు.

వాళ్ళంతా కేవలం పాడడానికే వెళ్ళారని నేను అనను. అట్లా అంటే కడిగిన ముత్యాల్లా చూపించడమే అవుతుంది. అయితే ఆ కాలపు వెలయాలికి ఆట, పాట, పద్యం వచ్చి ఉండాలి. పొద్దు మునిగాక గుడారాల మధ్య డప్పు, తాళం, గజ్జెల చప్పుడు లేకుండా ఆ దండు నెలల తరబడి రాయచూరు ముందు కూచోలేదు. ముట్టడి అంటే తొంభై పాళ్ళు ఎదురుచూపే. ఈ మాట నాది కాదు, చిన్నాయనది.

అంతకు ముందు, 1443లో వచ్చిన పారశీక రాయబారి అబ్దుల్ రజాక్ ఇంకో సంగతి రాశాడు. విజయనగరంలో కొత్వాలు కింద పనిచేసే భటుల జీతాలు ఈ స్త్రీల మీద వేసిన పన్నులోంచే ఇచ్చేవారట. అంటే కావలివాడి కూడు ఆమె సంపాదనలోంచి వచ్చేది. రాయల కాలంలోనే వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, రాణివాసంలో కత్తి డాలు పట్టే ఆడవాళ్ళను, కుస్తీ పట్టే ఆడవాళ్ళను, బాకాలూదేవాళ్ళను చూపించాడు. మహర్నవమి ఊరేగింపులో నగల బరువు మోయలేక పక్కవాళ్ళ చేతుల మీద ఆనుకుని నడిచినవాళ్ళనూ చూపించాడు. ఆయన కన్ను బంగారం మీదే నిలిచింది. పేర్లు ఆయనా అడగలేదు.

చింతల వెంకటరమణ గుడి స్తంభాల మీద ఆడేవాళ్ళు, మద్దెల వాయించేవాళ్ళు వరుసలు వరుసలుగా ఉన్నారు. ఒకామె మోకాలు వంచిన తీరు చూసి చిన్నాయన "ఈమెకు కాలు నొప్పి" అన్నాడు. వెటకారమనుకున్నా. కాదు. "రోజంతా నడిచొచ్చి రాత్రి ఆడితే నొప్పి రాదా?" అన్నాడు. దండు కదిలితే వీళ్ళూ నడవాల్సిందేగా. ఈ కోణం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

తాడిపత్రిలోనే 1880లో బళ్ళారి రాఘవ పుట్టాడు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టి, చదువుకున్న ఆడవాళ్ళను రంగస్థలం మీదికి పిలిచిన మనిషి. అప్పటికి వేదికెక్కిన ఆడదంటే ఊరు ఏమనేదో మనకు తెలుసు. యుద్ధంలో పాడడానికి పోయినామె ఇంటికి తిరిగొచ్చాక ఆ మాటే ఎదుర్కోవాలి. శత్రువు గుండు ఒక్కసారే తగులుతుంది.

శుక్రవారం, గండికోట

తాడిపత్రి నుంచి జమ్మలమడుగు, అక్కణ్ణుంచి ఆటోలో గండికోట. ఎండ ఎక్కకముందే చేరాం. పెన్న కోసుకుపోయిన లోయ గురించి ఫోటోలు పెట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు, నేను వదిలేస్తున్నా. లోయ అంచున నిలబడి సెల్ఫీ తీసుకునే కుర్రాళ్ళను మాత్రం చూస్తే గుండె గుభేలుమంటుంది. మేం పోయినప్పుడు అక్కడ కంచె అనేది లేదు.

మాధవరాయ స్వామి గుడిలో దేవుడు లేడు. నాలుగంతస్తుల గోపురం, లోపల మంటపం, స్తంభాల మీద మళ్ళీ ఆటగత్తెలు. పక్కన జామియా మసీదు, ధాన్యపు కొట్టు, ఎర్రకోనేరు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోట పట్టాడు. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే ఆయన్ను చూడడానికి ఇక్కడికే వచ్చాడు. మీర్ జుమ్లా ఇక్కడ ఫిరంగులు పోత పోయిస్తున్నాడు అప్పుడు.

అదే టావెర్నియే గోల్కొండ గురించి రాస్తూ, కొలువు రిజిస్టరులో ఇరవై వేలకు పైగా వెలయాళ్ళ పేర్లున్నాయని, శుక్రవారం శుక్రవారం కొంతమంది వచ్చి రాజు మేడ ముందు ఆడాలని అన్నాడు. మళ్ళీ ఇరవై వేలే! నూనిజ్‌కూ ఇరవై వేలు, ఈయనకూ ఇరవై వేలు. ఇది లెక్క కాదని, "అబ్బో, శానా మంది" అనడమేనని నాకు అనిపిస్తుంది. రిజిస్టరులో పేర్లున్నాయని చెప్పినవాడు ఒక్క పేరైనా ఎత్తి రాసుకుంటే ఏం పోయేది? మచిలీపట్నం ప్రవేశించడానికి రాజు ముచ్చట పడితే తొమ్మిది మంది ఆడవాళ్ళు కలిసి ఏనుగు ఆకారం కట్టారట: నలుగురు కాళ్ళు, నలుగురు ఒళ్ళు, ఒకామె తొండం. ఆ ఏనుగు మీద సింహాసనం, సింహాసనం మీద రాజు. చదవగానే నవ్వొస్తుంది. ఆ నాలుగు కాళ్ళలో ఒకటి మనమే అనుకుంటే నవ్వు రాదు.

రాత్రి కోట బయట గుడారం బాడుగకు తీసుకున్నాం. సంగటి, నాటుకోడి పులుసు తిన్నాక చిన్నాయన కాళ్ళు చాపుకుని తనంతట తానే మొదలుపెట్టాడు.

"పంజాబులో ఉన్నాం. యుద్ధం నిలబడిపోయినాక, జనవరిలో. యుద్ధం నిలబడినాకనే కష్టం పాపా. కొట్టుకునేటప్పుడు ఏమీ అనిపీదు. ఊరికే కూచుంటేనే ఇల్లు గుర్తుకొస్తాది. ఒక సాయంత్రం లారీ పక్కపలకలు దించి దానిమీద పరదా కట్టినారు. ఒక హార్మోనియం, ఒక డోలక్కు, ఇద్దరు ఆడోళ్ళు. మేం మందుగుండు పెట్టెల మీద కూచున్నాం. ఒకామె స్వెటర్ మీద స్వెటర్ వేసుకోనుండాది. పాడతాంటే నోట్లోంచి పొగ వస్తాంది."

"ఏం పాట?"

"హిందీ పాట. నాకు సగం అర్థమయింది. నా పక్కన తిరునల్వేలి అతను ఉండె, వానికి ఒక్క ముక్క అర్థం గాలేదు. అందరికంటే ఎక్కువ ఏడిచింది వాడే."

"ఈలలు వేసినారా?"

"వేసినారు. ఎందుకు దాచేది? సుబేదారు సాబు లేచి ఒకడిని తిట్టినాడు. ఆమె పాట ఆపలేదు. అదొక్కటీ గుర్తు. ఆపలేదు."

"పేరు?"

"ఎవరడుగుతారు పాపా? చప్పట్లు కొట్టి, లైన్లో నిలబడి టీ తాగి పోయినాం."

పెద్ద పెద్ద స్టార్లు వాళ్ళ దాకా రాలేదట. వచ్చినవాళ్ళు లేకపోలేదు. చైనా యుద్ధం తర్వాత సునీల్ దత్, నర్గిస్ అజంతా ఆర్ట్స్ బృందం కట్టుకుని సరిహద్దు శిబిరాలు తిరిగారు. బంగ్లాదేశ్ విముక్తి అయ్యాక ఢాకాలో ప్రదర్శన ఇచ్చిన మొదటి బృందం వాళ్ళదే. రెండో ప్రపంచ యుద్ధంలో మన సిపాయిల వినోదం కోసం ఫౌజీ దిల్‌ఖుష్ సభ అని ఒకటి పనిచేసింది. మా జేజినాయన బర్మాకు పోయొచ్చినవాడే. పాటల సంగతి ఎప్పుడూ ఎత్తలేదు, జలగల సంగతి ఎత్తేవాడు.

ఆ బర్మాకే 1944లో ఇంగ్లండు నుంచి గాయని వెరా లిన్ వచ్చింది. ఇరవై ఏడేళ్ళ మనిషి. ఈజిప్టు, బొంబాయి, కలకత్తా, చిట్టగాంగ్ మీదుగా బ్రిటిష్ సేనాని స్లిమ్ నడిపే పద్నాలుగో సైన్యం దగ్గరికి చేరింది. వెంట ఒక పియానో వాద్యగాడు, లారీ మీద తిప్పుకునే చిన్న పియానో. మరిచిపోయిన సైన్యం అని దానికి పేరు. అందులో ఎక్కువమంది మన దేశం వాళ్ళే. ఆస్పత్రి మంచాల మధ్య తిరిగి, ఎండలో వానలో పాడింది.

నాకు ఎక్కువ ఆసక్తి ఆ ప్రయాణానికి రెండు మూడేళ్ళ ముందరి సంగతి మీద. 1941లో బీబీసీలో ఆమె సిపాయిల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. భార్యలకు పిల్లలు పుట్టిన కబుర్లు చెప్పడం, పాటలు పాడడం. సిపాయిలు చెవి కోసుకున్నారు. పెద్దలకు నచ్చలేదు. ఇట్లాంటి మెత్తటి పాటలు వింటే సిపాయి ఇల్లు తలుచుకుని నీరుగారిపోతాడని, వాడికి కవాతు పాటలు కావాలని పట్టుబట్టారు. సింగపూర్ పడిపోయాక ఆ గొడవ ఇంకా పెరిగింది, కార్యక్రమం కొన్నాళ్ళు ఆపేశారు. సిపాయిని నిలబెట్టేది పాటే, కూలదోసేదీ పాటే అని వాళ్ళ భయం. తిరునల్వేలి మనిషి ఏడ్చినందుకు మర్నాడు కాపలా మానేశాడా అని చిన్నాయనను అడిగాను. "ఏడ్చి నిద్రపోయినాడు. అంతకుముందు వారం నిద్రపోలా" అన్నాడు. బీబీసీ పెద్దలకు ఈ మాట ఎవరూ చెప్పినట్టు లేరు.

1945 మేలో బెర్లిన్‌లో, కూలిన జర్మన్ పార్లమెంటు ముందు, ఎర్రసైన్యానికి పాడిన లిదియా రుస్లానోవాకు ఇంతకంటే ఘోరం జరిగింది. యుద్ధమంతా ముందు వరసల్లో పాడిన మనిషి. 1948లో ఆమెనూ సేనాని అయిన భర్తనూ అరెస్టు చేసి ఖైదీల శిబిరానికి పంపారు. స్టాలిన్ పోయాక 1953లో గాని బయటికి రాలేదు. ధైర్యం చెప్పినందుకు ఇచ్చే పెన్షను అట్లా ఉంటుంది ఒక్కోసారి.

శనివారం, ప్రొద్దుటూరు మీదుగా కడప

ప్రయాణం తప్ప ఏమీ లేదు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ మధ్య బస్సు చాలాసేపు ఇరుక్కుంది. కడపలో పెద్ద దర్గాకు పోయి, వచ్చి లాడ్జిలో పడ్డాం.

టీవీలో సావిత్రి సినిమా వస్తోంది. చిన్నాయన మంచం మీంచి లేచి కూచున్నాడు. 1965 యుద్ధమప్పుడు ఆమె ఒంటిమీది నగలు తీసి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి చేతిలో పెట్టిన సంగతి మాటల్లోకి వచ్చింది. అదే ఏడు రామారావు రక్షణ నిధికి చందాలు పోగుచేశాడు. 1952 కరువుకు మన సీమ కోసం జోలె పట్టినట్టే. 1963 జనవరి 27న ఢిల్లీ స్టేడియంలో లతా మంగేష్కర్ పాడితే నెహ్రూ కళ్ళు చెమర్చిన కథ అందరికీ తెలుసు.

ఈ పేర్లన్నీ మనకెందుకు తెలుసు? వాళ్ళు చేసింది గొప్పదే. కానీ అంతకుముందే తెరమీద తెలిసిన పేర్లవి. లారీ మీద స్వెటర్‌తో పాడినామెకు వెనక సినిమా లేదు. మన పత్రికల్లో ఆగస్టు 15 వచ్చినప్పుడల్లా అవే నాలుగు పేర్లు తిరిగి తిరిగి అచ్చవుతుంటే చదవబుద్ధి కాదు నాకు.

ఆదివారం, సురభి

కడప నుంచి వేంపల్లి, అక్కణ్ణుంచి చక్రాయపేట దారి. గండి ఆంజనేయస్వామికి బస్సులోంచే దణ్ణం పెట్టుకున్నాం. సురభి మామూలు పల్లె. చెనిక్కాయ చేలు, రచ్చకట్ట, నీళ్ళ ట్యాంకు.

1885లో ఈ ఊళ్ళో ఒక పెళ్ళి సందర్భంగా వనారస గోవిందరావు కుటుంబం కీచక వధ నాటకం ఆడింది. అంతకుముందు వాళ్ళది తోలుబొమ్మలాట. ఇంట్లో మరాఠీ మాట్లాడే ఆరెవాళ్ళు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ తోలుబొమ్మలు చేసేవాళ్ళూ ఆ కులంవాళ్ళే; 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావుది ఆ ఊరే. మరాఠాల కాలంలో దక్షిణాదికి వచ్చామని వాళ్ళ పెద్దలు చెప్పుకుంటారు. గుత్తిలో చదరంగమాడిన మురారిరావు గుర్తొచ్చాడు. ఆ దండ్ల వెనక ఎన్ని బొమ్మల పెట్టెలు వచ్చాయో.

తోలుబొమ్మలాటలో తెర వెనక సీతకు, ద్రౌపదికి గొంతు ఇచ్చేది ఇంటి ఆడవాళ్ళే. బొమ్మలు పక్కన పెట్టి మనుషులే వేషం కట్టినప్పుడు ఆ గొంతులు తెర ముందుకొచ్చాయి. మిగతా నాటక సమాజాల్లో మీసాలు గొరిగించుకుని మగవాళ్ళే చీర కట్టే రోజుల్లో సురభివాళ్ళ ఆడపడుచులు స్త్రీ పాత్రలు వేశారు. ఆ ఇంటి కమలాబాయే 1932లో మొదటి తెలుగు టాకీలో లీలావతి. ఇప్పుడు ఆ కుటుంబాలు ఈ ఊళ్ళో లేవు, హైదరాబాదు లింగంపల్లి దగ్గర సురభి కాలనీలో ఉన్నాయి. రచ్చకట్ట మీద పెద్దాయన "నాటకాలోళ్ళా? మా తాతల కాలంలోనే పాయ" అన్నాడు.

చిన్నాయన ఆ కట్ట మీదే కూచుని ఫోను తీశాడు. తిరునల్వేలికి. ఏడాదికొకసారి పండగకు తప్ప మాట్లాడుకోరు వాళ్ళు. మిలిటరీ హిందీలో, స్పీకర్ పెట్టి అడిగాడు: లారీ మీద పాడిన ఆ బెహన్‌జీ పేరు నీకు గుర్తుందా?

అవతల ఒక దగ్గు, ఒక నవ్వు. "యాభై ఏళ్ళకు అడుగుతున్నావా? ఎందుకు?"

"మా అన్న కూతురు రాస్తాండాది."

పేరు ఆయనకూ తెలీదు. ఇద్దరు కాదు, ముగ్గురొచ్చారన్నాడు. మూడో ఆమె వయసు మళ్ళిన మనిషట, డోలక్కు వాయించింది ఆమేనట. చిన్నాయన ఒప్పుకోలేదు. డోలక్కు వాయించింది మగవాడని, గడ్డం కూడా ఉందని వాదన. గడ్డమున్నోడు లారీ డ్రైవరని తిరునల్వేలి. నేను ఇద్దరివీ రాసుకుంటూ కూచున్నా. స్వెటర్ రంగు దగ్గర గొడవ ఇంకా పెద్దదైంది, వేంపల్లి బస్సు హారన్ కొడుతున్నా ఇద్దరిలో ఒక్కరూ తగ్గలేదు.